సువార్త మేడమ్ రాయి

ఈమధ్య మా వీధిలోకి రోళ్ళకు గంట్లు పెట్టే మనిషి వచ్చాడు. అమలాపురంలో ఇంకా రోలు వాడేవాళ్ళు ఎవరున్నారని వస్తాడో తెలియదు కానీ ఏడాదికోసారైనా వస్తాడు. ఎదురింటి మామ్మగారు తన సన్నికల్లును అరుగు మీద పెట్టించారు. ఉలి మీద సుత్తి పడుతున్నకొద్దీ వాసన లేచింది. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసనలో కాస్త తడిమట్టి కలిసినట్టుంటుంది. రాయిని కొట్టినప్పుడు తప్ప ఇంకెక్కడా అది తగలదు. కాలేజీకి ఆలస్యమవుతున్నా గేటు దగ్గరే నిలబడిపోయాను. నాకు అది సువార్త మేడమ్ కొంగు వాసన. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ నంబరు నా ఫోనులో ఇంకా ఉంది. తీసేసే ఉద్దేశం కూడా లేదు.

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పేరు మోసిన మనిషి కాదు. రాజోలు దగ్గర పల్లెలో పుట్టారు. తాతలు ఆసాముల పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. తండ్రి మిషన్ బడిలో చదువుకుని అదే బడిలో పంతులయ్యారు. కూతురు ఇంకో మెట్టెక్కి విశాఖపట్నంలో జియాలజీ చదివి, అమలాపురం వచ్చి డిగ్రీ పిల్లలకు రాళ్ళ పాఠం చెప్పారు. కోనసీమలో రాళ్ళ పాఠం చెప్పడమంటే ఎలాంటిదో బయటివాళ్ళకు తెలియదు. మాకు రాయి లేదు. ఎంత తవ్వినా ఒండ్రు, దాని కింద ఇసుక, ఇంకా కింద నీళ్ళు. మావాళ్ళకు కోపమొచ్చి దేన్నయినా విసరాలన్నా కొబ్బరి డొక్క వెతుక్కోవాలి. అలాంటి చోట, మొదటి రోజు క్లాసులో ఆవిడ మాకు చెప్పిన పని ఏమిటంటే, రేపు ప్రతివాళ్ళూ మీ ఇంటి దగ్గర దొరికిన రాయి ఒకటి తీసుకురండి, అని.

మర్నాడు బల్ల మీద పేరుకున్న సరుకు చూడాలి. సగం ఇటుక ముక్కలే. ఒకడు ఏటిగట్టుకు పేర్చిన రాయిని పీక్కొచ్చాడు. "గట్టు రాయి పీకేసేవా నాయనా? రేపు గోదారి మన క్లాసుకొచ్చి కూర్చుంటుంది, దానికి నువ్వే హాజరు వెయ్యాలి," అన్నారు మేడమ్. సత్తిబాబు అనే కుర్రాడు బూడిదరంగు గడ్డ ఒకటి తెచ్చి, అది వాళ్ళ పెరట్లోనే పుట్టిందని ఒట్టేశాడు. ఆవిడ మెడలో తాడుకు వేలాడే భూతద్దం కంటికి ఆనించి ఎంతో మర్యాదగా దాన్ని పరీక్షించారు. "పుట్టినమాట నిజమే బాబూ. మీ ఇల్లు కట్టినప్పుడు పుట్టింది. సిమెంటు," అన్నారు. నేను మా అమ్మ సన్నికల్లు మీద నూరే పొత్రాన్ని పాత చీరముక్కలో చుట్టి తీసుకెళ్ళాను. మా ఇంట్లో రాయన్నది అదొక్కటే.

పొత్రాన్ని చూడగానే ఆవిడ మొహం మారింది. గ్లాసులో నీళ్ళు దాని మీద పోసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూశారు. తడిసిన రాయి నల్లగా, ఆ నలుపులో ఏదో పచ్చదనంతో మెరిసింది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా అమ్మదండి."

"దీంతో కొబ్బరి పచ్చడి నూరతారా?"

"ఆయ్."

"ఈ నల్లగా మెరిసేది హార్న్‌బ్లెండ్. మధ్యలో తెల్లగా ఉన్నది ప్లాజియోక్లేజ్. పేర్లు తరవాత నేర్చుకుందురుగాని. ఇది ఒకప్పుడు సముద్రం అడుగు అయ్యుండొచ్చమ్మా. మన సముద్రం కాదు. మనుషులూ చేపలూ లేనప్పటి సముద్రం. అడుగున నేల చీలి, కరిగిన రాయి పైకొచ్చి, చల్లటి నీళ్ళు తగిలి గడ్డకట్టింది. తరవాత భూమి దాన్ని లోపలికి లాక్కుంది. ఉడికించింది, నలిపింది. మళ్ళీ పైకి పంపింది. ఇప్పుడు మీ అమ్మగారి చేతిలో ఉంది."

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. లోపల మిరపకాయలూ చింతపండూ సన్నికల్లు మీద పెట్టుకుని పొత్రం కోసం ఇల్లంతా వెతికిందట. "చదువుకోడానికి వెళ్తున్నావా, పచ్చడి నూరడానికా?" అని కేకలేసింది. నేను సముద్రం అడుగు సంగతి చెప్పాను. గుడిలో అర్చకత్వం చేసే మా నాన్నగారు అది విని పొత్రాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కడిగి అమ్మకు ఇచ్చారు. ఆ రోజు పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది. సముద్రం అడుగుతో నూరితే మరి అంతేనని అమ్మ నన్ను చాలాకాలం దెప్పింది. నేను జియాలజీలో పడింది మాత్రం ఆ రోజే.

ఆ పాఠంలో ముఖ్యమైన మాట రూపాంతరం. వేడికీ ఒత్తిడికీ రాయి మారిపోవడం. ఆ మాటకు అర్థం తెలుసా అని మేడమ్ అడిగితే ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ప్రభువు కొండ మీద వెలిగిపోయారండి, అదండి," అంది. మా అగ్రహారం పిల్లలం నవ్వాం. చర్చికి వెళ్ళే పిల్లలు నవ్వలేదు, వాళ్ళకు రూపాంతరమంటే బైబిల్లోని ఆ కొండ కథే. మేడమ్ కూడా నవ్వలేదు. "అదీ రూపాంతరమే. నాకు ఆదివారం ఆ అర్థం, సోమవారం ఈ అర్థం. రాయి కరిగిందనుకోండి, అది వేరే కథ. కరక్కుండా, గట్టిగా ఉన్నది ఉన్నట్టుగా ఉండి, లోపలంతా మారిపోవాలి. అప్పుడే దాన్ని రూపాంతరం అంటాం," అన్నారు. అయినా పరీక్షలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాళ్ళకు బదులు కొండ కథ రాసేవారు. ఆవిడ అర మార్కు వేసేవారు. తప్పు కదండీ అని మేం గొడవ పెడితే, "సబ్జెక్టు తప్పు. మాట తప్పు కాదుగా," అనేవారు.

రాయిని కాగితమంత పలచగా అరగదీసి గాజుపలక మీద అతికిస్తే అందులోంచి వెలుతురు దూరుతుంది. దాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూడడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పలక కిందున్న గుండ్రటి బల్ల తిప్పుతుంటే హార్న్‌బ్లెండ్ పచ్చరంగు నుంచి తేనెరంగుకు మారుతుంది. వెలుతురును వడకట్టే రెండో అద్దం అడ్డం పెడితే పక్కనున్న ఖనిజాలన్నీ ఒక్కొక్కటీ వెలిగి ఆరుతాయి. గార్నెట్ ఒక్కటే నల్లగా ఉండిపోతుంది. నా పలక పాడైందనుకుని ఆవిడను పిలిచాను. ఆవిడ వంగి చూసి, "పాడవలేదు. గార్నెట్ అంతే. ఎటు తిప్పినా వెలగదు. బాగా లోతుకి వెళ్ళొచ్చిన రాళ్ళలో ఉంటుంది. దాని చుట్టూ తెల్లటి అంచు చూసేవా? పైకి వస్తున్నప్పుడు మారడం మొదలెట్టి, అంతవరకే మారగలిగింది," అన్నారు. అప్పుడు నేను దాన్ని పాఠంగానే రాసుకున్నాను. ఆవిడ కూడా పాఠంగానే చెప్పి ఉంటారు.

నా పెళ్ళికి ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఆనంద్ అప్పుడు బడి పిల్లవాడు. వాడు పసివాడుగా ఉండగానే తండ్రి వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు, మేం అడగలేదు. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించేటప్పుడు పురోహితుడుగారు, ఈ రాయిలాగా స్థిరంగా ఉండమని దీని అర్థం అని అందరికీ వినపడేలా చెప్పారు. ఆ సన్నికల్లు మా అమ్మదే. ముందు వరసలో కూర్చున్న మేడమ్ నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. అప్పగింతలప్పుడు దగ్గరికి వచ్చి చెవిలో చెప్పారు. "రాయి స్థిరంగా ఉంటుందని వీళ్ళకెవరు చెప్పేరమ్మా? వేడి తగిలితే అదీ మారుతుంది. నువ్వూ మారు, ఫర్వాలేదు. కరిగిపోకు, అంతే." నా కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో చెప్పడం మొదలుపెడితే అది వేరే పుస్తకమవుతుంది.

తరవాత నేను అదే కాలేజీలో ఆవిడ పక్క కుర్చీలోకి వచ్చాను. ఆనంద్ ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. నవ్వితే అచ్చం తల్లే. ఒక సెలవురోజు స్నేహితులతో అంతర్వేది వెళ్ళాడు. గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నీళ్ళలోకి దిగారు. మిగతావాళ్ళు వెనక్కి వచ్చారు.

నేను వెళ్ళేసరికి మేడమ్ ఒడ్డున ఇసుకలో కూర్చుని ఉన్నారు. పడవలవాళ్ళు తిరుగుతూనే ఉన్నారు, వలలు వేస్తూనే ఉన్నారు. చేపలు ఎండబెట్టుకునే ఒక ముసలామె వచ్చి ఆవిడ వీపు నిమురుతూ, "సముద్రం ఏదీ ఉంచుకోదమ్మా. ఇచ్చేత్తాది. రేపో మాపో ఇచ్చేత్తాది," అని చెబుతూనే ఉంది. అక్కడివాళ్ళ నమ్మకం అది, వాళ్ళు చూసింది కూడా అదే. కానీ ఈసారి సముద్రం ఇవ్వలేదు. రోజులు గడిచాయి, పడవలు మళ్ళీ వేటకు వెళ్ళిపోయాయి. ఆవిడ ఏడవగా నేను చూడలేదు. నేనే ఏడ్చాను, సిగ్గు లేకుండా, ఆవిడ భుజం మీద తల పెట్టి. ఓదార్చడానికి వెళ్ళినదాన్ని నేను.

కొన్నాళ్ళు ఆగి ఆవిడ చర్చి సంఘపెద్ద ఇశ్రాయేలుగారి దగ్గరికి వెళ్ళారు, నన్ను తోడు రమ్మన్నారు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, మెత్తటి మనిషి. మేడమ్ అడిగింది చిన్న కోరిక. చర్చి వెనక సమాధుల తోటలో ఓ మూల కొడుకు పేరుతో ఒక రాయి. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"దేహం లేకుండా రాయి వెయ్యడం మన సంఘంలో లేదండీ సువార్తమ్మగారూ. జాగా చూసేరా, ఎంత ఇరుకో. రేపింకొకళ్ళు అడుగుతారు. అదీగాక, అబ్బాయి ఎక్కడో బతికున్నాడేమోనని మనసులో ఉంటుంది కదండీ. మన చేత్తో మనం ఎలా వేస్తాం రాయి?"

"ఆయ్," అన్నారు ఆవిడ.

అంతే. వాదించలేదు, మళ్ళీ అడగలేదు. మా ప్రాంతంలో ఆ చిన్న మాటతో పెళ్ళిళ్ళు కుదురుతాయి, తగాదాలు తీరుతాయి. ఆ రోజు ఆవిడ నోటి నుంచి అది వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆటోలో వస్తూ, "మీరు గట్టిగా అడగాల్సింది మేడమ్," అన్నాను. "ఆయన తప్పేముందమ్మా. నా దగ్గర చూపించడానికి ఏముంది?" అన్నారు.

ఆ తరవాత ఒక శీతాకాలం పిల్లల్ని తీసుకుని నెల్లూరు వైపు కండ్రకు వెళ్ళాం. పాత సముద్రపు నేల ముక్క ఒకటి అక్కడ పైకి తేలి ఉందని భూగర్భశాస్త్రంవాళ్ళు చెబుతారు. ముళ్ళపొదల మధ్య నల్లటి బండలు. నీళ్ళ అడుగున గడ్డకట్టిన లావా దిళ్ళు పేర్చినట్టుగా ఉంటుంది. కోట్ల ఏళ్ళ వేడికి ఆ దిళ్ళు సాగిపోయినా ఆకారం ఇంకా ఆనవాలు పట్టవచ్చు. మేడమ్ పిల్లలకు అంతా చెప్పారు. ముందు దీనిలో పైరాక్సీన్ అనే ఖనిజం ఉండేదనీ, సముద్రపు నీరు ఇంకి అది క్లోరైట్ అయిందనీ, లోతుకు వెళ్ళాక హార్న్‌బ్లెండ్ అయిందనీ, ఇంకా లోతుకు వెళ్ళిన చోట గార్నెట్ పుట్టిందనీ. పిల్లలు సుత్తులు పట్టుకుని చెదిరిపోయాక ఆవిడ ఒక బండ పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించారు. ఆ చెయ్యి తియ్యలేదు. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ ఏడుస్తున్నారు. అన్నాళ్ళూ ఏడవని మనిషి.

"ఆ ముసలమ్మ నిజమే చెప్పిందమ్మా శారదా," అన్నారు కాసేపటికి. "సముద్రం ఉంచుకోదు. ఇస్తుంది. దానికి తొందర లేదు, అంతే. మనకే టైము చాలదు."

ఆవిడ లేచారు. దగ్గర్లో విడిగా పడి ఉన్న ఒక పలకరాయిని పిల్లలచేత బస్సులోకి ఎక్కించారు. డ్రైవరు దారి పొడవునా సణిగాడు. ఆ రాయి ఆవిడ ఇంటి అరుగు మీద చేరింది. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని పేపర్లు దిద్దేవారు. రిటైరయ్యాక పేపర్లు లేకుండా కూర్చునేవారు.

కడుపులో గడ్డ అని తెలిసేసరికే ముదిరిపోయింది. కాకినాడ ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపేశారు. ఒక మధ్యాహ్నం నేను కొబ్బరినీళ్ళు తాగిస్తుంటే ఆవిడ ఎప్పటి గొంతుతోనే అన్నారు, "శారదా, ఇప్పుడు నాకు రాయి వేస్తారు కదా. దేహం ఉంటుంది. ఇశ్రాయేలుగారికి ఇబ్బంది ఉండదు."

అలాంటి మాటలు వద్దన్నాను. ఆవిడ వినలేదు.

"అరుగు మీద రాయి కోయించు. పైన నా పేరు చెక్కించు. కింద వాడి పేరు."

"మీ పేరు కింద ఆనంద్ పేరు కూడా. అలాగే మేడమ్."

"నా పేరు కింద కాదమ్మా. రాయి కింద. మట్టి వైపు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అక్కడ ఎవరు చదువుతారు మేడమ్?" అన్నాను.

"కిందున్నదే కదా పైకొచ్చేది," అన్నారు. నవ్వుదామని చూశారు కానీ నొప్పికి సాధ్యపడలేదు.

ఆవిడ పోయాక రాయిని రావులపాలెం దారిలో ఉన్న పాలరాళ్ళ షాపుకు మోయించుకెళ్ళాను. నునుపు పట్టాక లోపలిరంగు బయటపడింది. నలుపులో కలిసిన చిక్కటి ఆకుపచ్చ, అక్కడక్కడా ఎర్రటి గార్నెట్ గింజలు. పేర్లు చెక్కే అతను, రెండో వైపు కూడా చెక్కమంటే నా వంక అనుమానంగా చూశాడు. "అటేపు ఎవరికి కనపడుద్దండి? డబ్బులు దండగ కదండీ," అన్నాడు. చెక్కమన్నాను. చెక్కుతుంటే లేచిన ఆ వాసనకు షాపు బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను.

రాయి వేసే రోజు వచ్చింది. రాయి అంచు లేచి కింది పేరు ఎవరి కంటైనా పడితే ఇశ్రాయేలుగారు ఆపేస్తారు. నేను పరాయిదాన్ని, అర్చకుడి కూతుర్ని, వాళ్ళ తోటలో నా మాట ఏం చెల్లుతుంది? మేడమ్ ఆఖరి కోరిక నా చేతిలో పాడవుతుందేమోనన్న భయంతో రాయిని గోనెపట్టాలో చుట్టి తెచ్చాను. గోతి పక్కన పట్టా తీయక తప్పలేదు. నలుగురు పట్టి దించుతుంటే ఒక మూల జారింది. ఆ వయసులో ఎవరూ అడగకుండానే ఇశ్రాయేలుగారు వంగి ఆ మూల కింద చేతులు పెట్టారు. ఆయన వేళ్ళు ఒక్కచోట ఆగాయి. కొంచెం పక్కకు జరిగాయి. మళ్ళీ ఆగాయి. జీవితమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించిన చేతులు అవి, వాటికి కళ్ళతో పనిలేదు. ఆయన తలెత్తి నన్ను చూశారు.

"నెమ్మదిగా దించండయ్యా," అన్నారు ఆయన కుర్రాళ్ళతో. "కింద భద్రం."

రాయి మట్టి మీద కూర్చుంది. ఆయన చేతులు దులుపుకోకుండానే ప్రార్థన చేశారు. "ఈ రాతి కింద ఉన్నవారిని నీ జ్ఞాపకంలో ఉంచుకో తండ్రీ," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమేన్ అన్నారు. మన భాషలో ఉన్నవారు అంటే ఒక్క మనిషికి ఇచ్చే మర్యాద కావచ్చు, ఇద్దరు మనుషులూ కావచ్చు. ఆయన ఎందరిని తలుచుకున్నారో అక్కడ నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. తిరిగి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి, "ఆ రోజు నేనన్నది రూలమ్మా. తల్లి అడిగితే రూలు చెప్పేను," అన్నారు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. "ఆయ్," అన్నాను.

కోయగా మిగిలిన ముక్క నా బల్ల మీద ఉంది. ఏటా కొత్త పిల్లలతో మీ ఇంటి దగ్గర రాయి తెమ్మని నేనూ చెబుతున్నాను. ఇటుకలు వస్తున్నాయి, సిమెంటు వస్తోంది, పొత్రాలు మాత్రం రావడం మానేశాయి. బోర్డు మీద రూపాంతరం అని రాసి, కొండ కథ చెప్పినవాళ్ళకు అర మార్కు వేస్తున్నాను. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగిస్తారు. నేనూ వెళ్తాను. ఆ దారినపోయే వాళ్ళు రాయి దగ్గర ఆగి, సువార్తమ్మ టీచరుగారు అని పైనున్న పేరు చదివి ముందుకు వెళ్తారు. వాళ్ళు వెళ్ళాక నేను రాతి మీద అరచెయ్యి ఆనించి కిందున్న పేరు చదువుతాను. అది పైకి వచ్చేదాకా ఎవరో ఒకరు చదువుతూ ఉండాలి కదా.